ముద్ద నోటికి చేరేలోపు



తెల్లవారుజామున రైల్లో కాఫీ అడుగుతాం. కళ్లు ఇంకా సరిగ్గా తెరుచుకోవు. బండి కదిలేలోగా ఇంకో నలుగురికి అందించాలన్న తొందరలో ఆ అమ్మే కుర్రవాడు టీ కప్పు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. కాఫీయే కదా అని ఒక గుక్క వేస్తాం. ఆ గుక్క ఎలా ఉంటుందో అనుభవమైనవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాఫీలా ఉండదు, సరే. టీలా కూడా ఉండదు. ఏదో విరిగిపోయిన పదార్థంలా, ఉమ్మేయాలన్నంత వెగటుగా ఉంటుంది. "ఓహో, టీ ఇచ్చాడా" అని తెలిసిన మరుక్షణం అదే కప్పు మామూలు రైలు టీ అయిపోతుంది. చివరి చుక్కదాకా తాగి, డబ్బులు కూడా ఇచ్చేస్తాం.

కప్పులో ఉన్నది మారలేదు. నాలుకా మారలేదు. మొదటి గుక్కకీ రెండో గుక్కకీ మధ్య మారిందల్లా మనం దేనికోసం ఎదురుచూస్తున్నామన్నది. ఈ ప్రసంగమంతా ఆ మొదటి గుక్క గురించే.

ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు మార్టిన్ యోమన్స్, ఆయన సహచరులు ఇలాంటి మొదటి గుక్కనే పట్టుకొని ప్రయోగశాలలోకి తెచ్చారు. వాళ్లతో చేయి కలిపినవాడు హెస్టన్ బ్లూమెంథాల్, ఇంగ్లండ్‌లో పేరుమోసిన వంటవాడు. పొగబెట్టిన సాల్మన్ చేపతో ఐస్‌క్రీమ్ చేశారు. చూస్తే లేత గులాబీ రంగు, ఎవరైనా స్ట్రాబెర్రీ అనుకుంటారు. కొందరికి దాన్ని "ఐస్‌క్రీమ్" అని చెప్పి పెట్టారు. మరికొందరికి "గడ్డకట్టించిన ఉప్పటి వంటకం" అన్న అర్థం వచ్చేలా చెప్పి పెట్టారు. గిన్నెల్లో ఉన్నది మాత్రం ఒకటే. ఐస్‌క్రీమ్ అని విన్నవాళ్లు ముఖం చిట్లించారు. ఉప్పటి వంటకం అని విన్నవాళ్లు పర్వాలేదన్నారు. 2008లో అచ్చయిన ఈ పరిశోధనలో నాకు ఆసక్తి కలిగించింది ఇష్టాయిష్టాల సంగతి కాదు. ఐస్‌క్రీమ్ అని విన్నవాళ్లు, ఇందులో ఉప్పు చాలా ఎక్కువుందని కూడా అన్నారు. అంటే తేడా నచ్చడం, నచ్చకపోవడం దగ్గర ఆగలేదు. ఉప్పు ఎంత అన్న లెక్కే మారింది. ఉప్పు ఎంతో చెప్పాల్సింది నాలుక కదా, మరి నాలుక చెప్పిన లెక్కను దిద్దిందెవరు?

ముందు నాలుక సంగతి త్వరగా చూసేద్దాం. చిన్నప్పుడు బడిలో చాలామంది ఒక నాలుక బొమ్మ గీసే ఉంటారు. కొనలో తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని గళ్లు గీసిన బొమ్మ. ఆ బొమ్మ తప్పు. 1901లో హానిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక మీద చోటుచోటుకీ రుచి తెలిసే తీరులో కాస్త కాస్త తేడాలున్నాయని రాశాడు. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే అమెరికన్ ఆచార్యుడి పుస్తకంలోకి వచ్చేసరికి ఆ చిన్న తేడాలు పెద్ద సరిహద్దులైపోయాయి. నిజానికి రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. కావాలంటే కొంచెం ఉప్పు తీసుకొని నాలుక కొన మీద వేసుకోండి, తెలిసిపోతుంది. ఇంత తేలిగ్గా తేలిపోయే విషయం మీద ఇన్ని తరాల పిల్లలు పరీక్షల్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారంటే, పుస్తకం చెప్పినదాన్ని మన నాలుక కూడా ఎదిరించలేదన్నమాట.

ఆ మొగ్గలు పట్టుకోగలిగేవి అయిదు రకాలు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటితోపాటు 1908లో టోక్యోలో కికునే ఇకెడా సముద్రపు నాచు చారులో గుర్తించిన ఉమామి. టమాటాలో, పుట్టగొడుగుల్లో, మాంసం పులుసులో ఉండే ఆ చిక్కదనం ఉమామిదే. ఉగాది పచ్చడి తిని ఆరు రుచులు లెక్కపెట్టే మనకు ఇది కొరుకుడు పడదు. కారం ఏమైంది, వగరు ఏమైంది అంటాం. అవీ నోట్లో తెలిసేవే, కాకపోతే వేరే దారిన వస్తాయి. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్, వేడిని, మంటను కనిపెట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఆ గ్రాహకాన్ని గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా. కాబట్టి గుంటూరు కారం మనకిచ్చేది అక్షరాలా మంటే. మెదడు దృష్టిలో అది నొప్పి. ఆ నొప్పిని మనం డబ్బిచ్చి కొనుక్కుంటాం, అది వేరే కథ. వగరు కూడా స్పర్శకు దగ్గర. నోటి లోపలి జిగురు పోయి, చర్మం పట్టేసినట్టుండటమే వగరు.

ఇక ముక్కు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే అసలు సరుకంతా ఇక్కడే ఉంది. మీ దగ్గర సోంపు గింజలుంటే, ముక్కు గట్టిగా మూసుకొని కొన్ని నమలండి. కొంచెం తీపి, కొంచెం గరుకుదనం తెలుస్తాయి, అంతే. ఇప్పుడు ముక్కు వదలండి. ఒక్కసారిగా నోరంతా సోంపు. ఆ సోంపుతనం నాలుక మీద ఎప్పుడూ లేదు. నమిలినప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కిన ఆవిరిలో ఉంది. బయటి నుంచి పీల్చిన వాసనను వాసనగా గుర్తించే మెదడు, లోపలి నుంచి ఎక్కిన అదే వాసనను నోటికి కట్టబెడుతుంది. మన ముక్కుకు రెండు ద్వారాలున్నాయని, రెండూ వేర్వేరు అనుభవాలనిస్తాయని అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1982లో వివరంగా రాశాడు. కరోనా రోజుల్లో ఇంటింటా వినిపించిన మాట "రుచి పోయింది". వాళ్లలో చాలామందికి పోయింది వాసన. ఉప్పు తెలిసేది, పులుపు తెలిసేది, కానీ చారు చారులా ఉండేది కాదు. కొందరికి వాసన తిరిగి వచ్చేటప్పుడు వంకరగా వచ్చింది. ఎన్నో ఏళ్లుగా తాగుతున్న కాఫీ కాలిన రబ్బరులా అనిపించి, కాఫీ మానేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల అవస్థ కప్పు మారిపోయిన రైలు ప్రయాణికుడి అవస్థే. కాకపోతే వాళ్లకది ఒక్క గుక్కతో తీరలేదు. నెలల తరబడి సాగింది.

ఈ సంకేతాలన్నీ మెదడులో ఎక్కడికి వెళతాయి? నాలుక నుంచి మూడు జతల నాడులు సమాచారాన్ని మెదడు కాండానికి తీసుకెళతాయి. అక్కడి నుంచి థాలమస్, థాలమస్ నుంచి ఇన్సులా. చెవికి కాస్త పైన, మెదడు మడతల లోపల దాక్కొని ఉండే పొర అది. రుచికి మెదడులో మొదటి గుమ్మం అదే. "ఇది తీపి, ఇంత తీపి" అన్నది అక్కడ తేలుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. దాని తర్వాత, కనుగూళ్లకు సరిగ్గా పైన ఉండే ఆర్బిటో ఫ్రంటల్ కార్టెక్స్. పేరు పెద్దది గానీ పని తేలికగానే చెప్పొచ్చు. రుచి, వాసన, రంగు, నోట్లో తగిలే మెత్తదనం, ఇంకా ఆకలి, అన్నీ అక్కడ కలుస్తాయి. ఇది ఎంత బాగుంది అన్న తీర్పు అక్కడ తయారవుతుంది. మూడో లడ్డూ మొదటి లడ్డూ అంత బాగుండదు, దాని వెంట తెచ్చిన కారప్పూస మాత్రం కొత్తగా బాగుంటుంది. ఎందుకని? ఈ భాగంలోని కణాలు, తింటున్న పదార్థం మీద మాత్రమే విసుగు చెందుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్మండ్ రోల్స్ బృందం కోతుల మీద దీన్ని చూపించింది. పెళ్లి విస్తట్లో తీపి పక్కన కారం, కారం పక్కన పెరుగు వడ్డించిన పెద్దలకు ఈ కణాల సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

రుచి మెదడులోనే పుడుతుందా అంటే, 2015లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం చేసిన పని గుర్తొస్తుంది. ఎలుకల మెదడులో తీపికి ఒక చోటు, చేదుకి ఒక చోటు ఉన్నాయి. ఆ కణాలు కాంతికి స్పందించేలా ముందే మార్పు చేశారు. ఎలుక ఉత్త నీళ్లు తాగుతుండగా తీపి చోట వెలుగు పడేలా చేస్తే, చక్కెర నీళ్లు దొరికినంత ఆత్రంగా నాకింది. చేదు చోట వెలుగు వేస్తే నోరు తెరిచి, కక్కబోయినంత పని చేసింది. నాలుక మీద ఉన్నది నీళ్లే.

ఇప్పుడు ఎదురుచూపు దగ్గరికి వద్దాం. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తుండగా వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. కోతి నోట్లో అనుకోకుండా పండ్లరసం చుక్క పడితే ఆ కణాలు చెలరేగాయి. ఆపైన రసానికి ముందు ఒక సూచన, దీపం వెలగడం లాంటిది, అలవాటు చేశాడు. కొన్నాళ్లకు ఆ కణాలు సూచన కనిపించగానే చెలరేగి, రసం పడినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. రసం వస్తుందని ముందే తెలుసు కాబట్టి రావడంలో వింత లేదు. సూచన కనిపించి రసం రాకపోతే మాత్రం, సరిగ్గా రావలసిన క్షణంలో అవి మూగబోయాయి. మెదడు రసాన్ని కొలవలేదు, రసానికీ తన అంచనాకీ మధ్య తేడాను కొలిచింది. పక్కింట్లో పోపు చిటపటలాడితే మన నోట్లో నీళ్లూరడం కూడా ఈ వరసలోదే. అంచనా ముందు నడుస్తుంది, ముద్ద దాని వెనక వస్తుంది. ఎలుకల్లో చూస్తే, రాబోయే రుచి గురించి సూచన ఉన్నప్పుడు వాటి ఇన్సులా ఆ రుచిని ఇంకా త్వరగా పోల్చుకుంటుంది. అంటే ఎదురుచూపు మోసం చేయడానికి పుట్టింది కాదు. పని త్వరగా తెమలడానికి పుట్టింది.

మోసం అన్న మాట ఎందుకన్నానంటే, ఈ విషయం మీద ఎక్కువగా ప్రచారమయ్యే కథ ఒకటుంది. ఫ్రాన్స్‌లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్, ఎర్ర వైన్ ఇచ్చి వాటి వాసనలు వర్ణించమన్నారు. ఇంకో రోజు మళ్లీ ఒక తెల్లదీ ఒక ఎర్రదీ ఇచ్చారు. కానీ ఆ రెండోది, వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైనే. విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో అచ్చయిన ఆ పరిశోధన పత్రాన్ని పట్టుకొని, చూశారా వైన్ పండితులంతా బూటకమే అని నవ్వేవాళ్లు చాలామంది. నాకు ఆ నవ్వు నచ్చదు. మొదటి సంగతి, వాళ్లు పండితులు కారు, విద్యార్థులు. రెండోది, ఆ పత్రంలో అసలు విశేషం వేరే ఉంది. వైన్ వాసనలకు వాడే మాటలు గమనిస్తే, తెల్ల వైన్‌ని తేనె, నిమ్మ లాంటి లేత రంగు వస్తువులతోనూ, ఎర్ర వైన్‌ని చెర్రీ లాంటి ముదురు రంగు వస్తువులతోనూ పోలుస్తారు. అంటే వాసనకు కూడా లోపల ఒక రంగు ఉంది. ఎర్రగా కనిపించినదానిలో ఎర్రటి వాసనలు వెతికారు, వెతికినవి దొరికాయి. మనం మాత్రం తెల్లగా పాలిపోయిన కారాన్ని చూసి ఘాటు లేదని పక్కన పెట్టమా? వరంగల్ ప్రాంతంలో పండే చపాటా మిరప దీనికి తిరగబడ్డ ఉదాహరణ. లావుగా, నెత్తురంత ఎర్రగా ఉంటుంది, కారం మాత్రం తక్కువ. పచ్చళ్లలో ఎరుపు కోసం దాన్ని కలుపుతారు. ఆ ఎరుపు చూసి జాగ్రత్తగా చిన్న ముద్ద కలుపుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

చెవి సంగతీ చెప్పాలి, రేడియోలో చెప్పకపోతే ఎలా. ఆక్స్‌ఫర్డ్‌లో మాసిమిలియానో జాంపిని, చార్లెస్ స్పెన్స్ అనే ఇద్దరు, ఆలూ చిప్స్ కొరుకుతున్నవాళ్లకు తమ కరకర శబ్దాన్నే హెడ్‌ఫోన్లలో మార్చి వినిపించారు. శబ్దం పెంచితే చిప్స్ తాజాగా ఉన్నాయన్నారు, తగ్గిస్తే మెత్తబడ్డాయన్నారు. ఈ పనికి 2008లో నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వొచ్చినా, చప్పుడు చేయని అప్పడాన్ని ఎవరూ అప్పడంగా ఒప్పుకోరు.

పేరు చేసే పని ఇంకా లోతుగా పోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోనే 2005లో, ఇవాన్ డి అరౌజో బృందం చెమట కంపును, చీజ్ వాసనను రెంటినీ గుర్తుచేసే ఒక వాసనను కొందరికి చూపించింది. "చెద్దార్ చీజ్" అన్న మాట చూపిస్తూ వాసన ఇస్తే బాగుందన్నారు. "ఒంటి వాసన" అన్న మాట చూపిస్తే ఛీ అన్నారు. మెదడు స్కానర్‌లో చూస్తే ఆర్బిటో ఫ్రంటల్ కార్టెక్స్ స్పందన కూడా మాటను బట్టే మారింది. మన ఇంగువ ఉంది కదా. డబ్బా మూత తీస్తే అలవాటు లేనివాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. యూరప్‌వాళ్లు దానికి ఒకప్పుడు దయ్యపు పెంట అని పేరు పెట్టారు. పులిహోర అనుకుంటూ పీల్చేవాడికి మాత్రం అదే ప్రాణం.

ఇప్పుడు మొదట వదిలేసిన ప్రశ్నకు వస్తాను. నాలుక లెక్కను దిద్దిందెవరు? ఎదురుచూపు ఇన్సులాలోకి, అంటే మొదటి గుమ్మందాకా వెళ్లి ఉప్పు లెక్కనే మారుస్తుందా? లేక లెక్క లెక్కగానే ఉండి, పైన కూర్చున్న ఆర్బిటో ఫ్రంటల్ తీర్పు మాత్రమే మారుతుందా? ఈ ప్రశ్న మీద రెండు మంచి ప్రయోగాలున్నాయి. వాటి సాక్ష్యాలు ఒకదానితో ఒకటి కలవవు.

మొదటిది 2008లో అచ్చయింది, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జరిగింది. హిల్కే ప్లాస్‌మన్, ఆంటోనియో రాంజెల్, మరి ఇద్దరు కలిసి చేశారు. స్కానర్‌లో పడుకున్న 20 మందికి గొట్టం ద్వారా వైన్ ఇచ్చారు. అయిదు రకాలని చెప్పి ఇచ్చింది నిజానికి మూడు రకాలే. ఒక వైన్‌ని ఒకసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని చెప్పారు. ఇంకొకదాన్ని 10 డాలర్లదని, మళ్లీ 90 డాలర్లదని చెప్పారు. ధర ఎక్కువ విన్నప్పుడు అదే వైన్ ఎక్కువ బాగుందన్నారు. మాటవరసకు అనడం కాదు, ఆర్బిటో ఫ్రంటల్ కార్టెక్స్ నిజంగానే ఎక్కువ చురుకైంది. ఇన్సులాలో మాత్రం ధర వల్ల ఏ మార్పూ కనిపించలేదు. తర్వాత ధరలు చెప్పకుండా రుచి చూపిస్తే తేడా లేదు. దీన్ని బట్టి నాలుక లెక్క పదిలం, తీర్పే మారిందనాలి.

రెండోది అంతకు రెండేళ్ల ముందు, 2006లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాక్ నిట్ష్కే బృందం ప్రచురించింది. వాళ్లు వాడింది క్వినైన్. మలేరియా రోజుల్లో మన తాతలు కళ్లు మూసుకొని మింగిన ఆ చేదే. ముందు ఒక గుర్తు చూపిస్తారు. ఒక గుర్తుకి కటిక చేదు, ఇంకో గుర్తుకి కొద్ది చేదు వస్తుందని అలవాటు చేస్తారు. ఆపైన అప్పుడప్పుడు కొద్ది చేదు గుర్తు చూపించి కటిక చేదు పోస్తారు. తాగినవాళ్లు చేదు తక్కువే ఉందన్నారు. ఈసారి ఇన్సులాలో కూడా స్పందన తగ్గింది. మొదటి గుమ్మం దగ్గరే లెక్క మారింది.

ఒకటి కాదంటుంది, ఒకటి అవునంటుంది. నాకు తోచింది చెబుతాను, ఇది నా ఊహే. వైన్ ధర చెప్పేది విలువ గురించి. తీపి ఎంత, పులుపు ఎంత అన్న సంగతి ధరలో లేదు. క్వినైన్ గుర్తు చెప్పింది నేరుగా చేదు మోతాదు గురించి. ఏ విషయంలో అంచనా వేస్తే, ఆ విషయం తేలే చోటే దిద్దుబాటు జరుగుతుందేమో. అలాగైతే చేప ఐస్‌క్రీమ్ తిన్నవాళ్లు ఉప్పు ఎక్కువన్న సంగతికి కూడా దారి దొరుకుతుంది. వాళ్లు ఎదురుచూసింది తీపి కోసం, ఉప్పు అసలే లేదనుకున్నారు.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. క్వినైన్ తాగినవాళ్లు తక్కువ చేదు అని విన్నారు, తక్కువే అన్నారు. ఎదురుచూపు రుచిని తనవైపు లాక్కుంది. మరి ఐస్‌క్రీమ్ అని విన్నవాళ్లకు అది తియ్యబడాలి కదా, ఎందుకు ఉప్పగా ఎదురు తిరిగింది? ఇది సంతలో బేరంలాంటిది. అడిగిన ధరకీ ఇస్తానన్న ధరకీ తేడా కొద్దిగా ఉంటే మధ్యలో ఎక్కడో తెగుతుంది. తేడా మరీ ఎక్కువైతే బేరమే చెడుతుంది, కొనేవాడు మండిపడి వెళ్లిపోతాడు. కొద్ది తేడా ఉన్నప్పుడు మెదడు ముద్దను తన అంచనా వైపు లాక్కుంటుంది. పెద్ద తేడా వచ్చినప్పుడు అది పొరపాటు కాదు, ప్రమాదం అనుకొని, ఆ తేడానే భూతద్దంలో చూపిస్తుంది. పూర్వం అడవిలో బతికినవాడికి, అనుకున్న పండు అనుకున్నట్టు లేకపోతే ఉమ్మేయడమే క్షేమం. రైల్లో మన మొదటి గుక్క ఈ రెండో రకం.

అలాగని ఎదురుచూపుకి అన్నీ సాధ్యమని కాదు. మన అడవుల్లో, చేల గట్ల మీద పొడపత్రి అనే తీగ ఉంటుంది. దాని ఆకు రెండు నిమిషాలు నమిలి, తర్వాత చెంచాడు పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి గ్రాహకాలకు అడ్డుపడతాయి. అరగంటకు పైగా ఆ ప్రభావం ఉంటుంది. పంచదార అని కళ్లతో చూశాం, చేత్తో వేసుకున్నాం, తీపి కోసం ఎదురుచూశాం. అయినా రాదు. గ్రాహకం తలుపు మూసుకుంటే మెదడు ఎంత ఊహించినా తీపి పుట్టదు. మధుమేహానికి ఇది మందని నేను చెప్పడం లేదు, దయచేసి అలా వినకండి. ఇంకో వైపు ఉసిరికాయ తిని నీళ్లు తాగితే తియ్యగా ఉండటం మనందరికీ తెలిసినదే. ఆర్టిచోక్ అనే పూమొగ్గ కూర తిన్నాక కూడా నీళ్లు ఇలాగే తియ్యబడతాయని 1972లో లిండా బార్టోషుక్ బృందం చూపించింది. మొదటిసారి ఈ తీపి కోసం ఎవరూ ఎదురుచూడరు, అయినా వస్తుంది. ఉసిరికాయ మొదటిసారి తిన్న పిల్లల ముఖంలో ఆశ్చర్యమే దానికి సాక్షి. నాలుకకు తన రాజ్యం తనకుంది.

మరి ఈ అంచనాలు మనకు ఎక్కడి నుంచి వస్తాయి? కడుపులో ఉన్నప్పటి నుంచే. ఫిలడెల్ఫియాలో మోనెల్ పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం, గర్భిణులు కొందరికి చివరి నెలల్లో క్యారెట్ రసం తాగించింది. ఆ పిల్లలు అన్నం తినే వయసుకి వచ్చాక, క్యారెట్ రసం కలిపిన ఆహారాన్ని మిగతా పిల్లల కన్నా తక్కువ ముఖం చిట్లిస్తూ తిన్నారు. 2001లో వచ్చిన పరిశోధన ఇది. తల్లి తిన్నదాని రుచి ఉమ్మనీటిలోకి చేరుతుంది, బిడ్డ దాన్ని నేర్చుకుంటుంది. పుట్టాక నేర్చుకునేది ఇంకా ఎక్కువ. యాలక్కాయ వాసన మనకు తియ్యగా ఉంటుంది. నమిలి చూడండి, అందులో తీపి ఎక్కడ? పాయసంతో, కోవాతో కలిసి వచ్చీ వచ్చీ ఆ వాసనకు తీపి అంటుకుంది. కొత్త వాసనను పంచదార నీళ్లతో కొన్నిసార్లు కలిపి ఇస్తే, ఆ వాసన తర్వాత తనంతట తానే తియ్యగా అనిపిస్తుందని ఆస్ట్రేలియాలో స్టీవెన్‌సన్ బృందం 1990లలో చూపించింది. గుడి పులిహోర రుచి ఇంట్లో రాదని మనవాళ్లు అంటారు. నాకు ఆ మాట మీద పేచీ లేదు. ఉపవాసం ఉన్న కడుపు, దొన్నె ఆకు వాసన, గర్భగుడి నుంచి వచ్చే పచ్చకర్పూరం, ఇది ప్రసాదం అన్న ఎరుక, ఇవన్నీ ఆ పులిహోరలో ఉన్న పదార్థాలే. ఇంటి వంటగదిలో అవి దొరకవు.

ఒక్కసారికే నేర్చుకునే పాఠం కూడా ఉంది. 1955లో అచ్చయిన ఒక ప్రయోగంలో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త, ఎలుకలు తియ్యటి నీళ్లు తాగుతున్నప్పుడు వాటి మీద రేడియేషన్ ప్రసరింపజేశాడు. వాటికి ఒంట్లో బాగాలేకపోయింది. తర్వాత ఆ తియ్యటి నీళ్ల జోలికి పోలేదు. ఎప్పుడో ఏదో ఊళ్లో చేపల పులుసు తిని రాత్రంతా వాంతులైనవాడు, ఏళ్లు గడిచినా చేపల పులుసు అంటే దూరం జరుగుతాడు. పులుసు తప్పు కాదని, ఆ రోజు జ్వరం వల్ల అలా అయిందని వాడికి తెలిసినా సరే. తెలివికి చెప్పినంత మాత్రాన ఈ అంచనా చెరగదు.

ఈ శాస్త్రంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఉప్పు సంగతి. రోజుకు 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన అప్పడాలు, ఊరమిరపకాయలు, పచ్చళ్లు ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతాయి? రక్తపోటు ఉన్న తాతగారికి కోడలు వేరే గిన్నెలో వండి, "మామయ్యా, ఇది మీ ఉప్పు లేని పప్పు" అని వడ్డిస్తుంది. ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఆ మాటతో పప్పు నోట్లోకి వెళ్లకముందే చప్పబడిపోయింది. ఆస్ట్రేలియాలో 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో, సూప్ మీద "ఉప్పు తగ్గించినది" అని రాసి ఇస్తే, తిన్నవాళ్లు చప్పగా ఉందన్నారు. పైగా ఉప్పు ఎక్కువ చల్లుకున్నారు. ఆరోగ్యం కోసం అతికించిన చీటీ ఉప్పును పెంచింది.

దీనికి విరుగుడు కూడా తెలుసు. 1982లో అచ్చయిన ఒక పరిశోధనలో మోనెల్ కేంద్రంవాళ్లు కొందరిని 5 నెలల పాటు తక్కువ ఉప్పు తిండి మీద ఉంచి చూశారు. నెలలు గడిచేకొద్దీ వాళ్లకు బిస్కట్లలో, సూప్‌లో నచ్చే ఉప్పు మోతాదే కిందికి జారింది. నాలుక అదే, అంచనా మారింది. కాబట్టి వంటింటి పెద్దలకు నా సలహా ఇది. వేరే గిన్నె పెట్టకండి, చెప్పకండి. ఇంట్లో అందరి పప్పులో, కూరలో, చారులో ఉప్పు ఈ నెల ఒక చిటికెడు తగ్గించండి, వచ్చే నెల ఇంకో చిటికెడు. పులుపు, జీలకర్ర, ఇంగువ కాస్త ముందుకు తెండి. తేడా కొద్దిగా ఉన్నంతకాలం తాతగారి మెదడే దాన్ని పాత అంచనా వైపు లాక్కొని సర్దుకుంటుంది. బజ్జీల బండి దగ్గర ఒకరోజు ఆయనే "వీడు ఉప్పు మరీ వేశాడే" అనేదాకా ఆగండి. ఆవకాయ జోలికి మాత్రం వెళ్లకండి. అందులో ఉప్పు రుచి కోసమే కాదు, నిలవ కోసం కూడా. అది తగ్గిస్తే జాడీయే పాడవుతుంది. అక్కడ తగ్గించాల్సింది ముద్దలో కలుపుకునే ఆవకాయను.